గొడుగుకు ఊరు తెలియదు

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో, పాత కేబుల్ ఆపరేటర్ ఒకాయన మాట్లాడినదాన్ని రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మాటలు ఆయనవే. నడుమ వచ్చిన "ఏమంటారు", "అర్థమైందా"లు మాత్రం కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది. ముప్పై ఏళ్లు వైర్లతో బతికినవాణ్ణి, ఈ చప్పుడు వింటే మాట్లాడే ముందు జాక్ ఊడదీసి తుడవాలనిపిస్తుంది. సరే, ఊరుకుంటాను.

పిలిచినవాళ్లు "శాటిలైట్ టీవీ ఎలా పనిచేస్తుందో చెప్పండి" అన్నారు. అదంతా మొదలుపెడితే రాత్రి సంగటి వేళ దాటిపోతుంది. అందుకని ఒకే ప్రశ్న పట్టుకుని వచ్చాను. అది కూడా నాది కాదు, కదిరిలో మా వీధి చివర ఉండే పెద్దమ్మది.

కొన్నేళ్ల కిందట ఆమె కొడుకు బెంగళూరు నుంచి వచ్చి, కేబుల్ తీయించేసి మిద్దె మీద గొడుగు, అదే డిష్, పెట్టించి పోయాడు. నాకు నెలనెలా వచ్చే డబ్బులు పోయాయి, అది వేరే సంగతి. (నవ్వులు) నెల తిరక్కుండానే ఆమె నన్ను దారిలో ఆపింది. "ఏం నాయనా, గొడుగు పెడితే మున్నూరు చానళ్లు వస్తాయనిరి. వస్తానే ఉండాయి, లేదనను. మన ఊరి చానలు మాత్రం యాడికి పాయ?" అంది. అది అందులో రాదు పెద్దమ్మా అన్నాను. "ఢిల్లీ వస్తాంది, ఒరిస్సా వస్తాంది, అస్సాము గూడా వస్తాంది. కూతవేటు దూరంలో ఉండే గుడి రాదా?" అంది.

ఆ రోజు నవ్వేసి వచ్చేశాను గానీ, ఇంటికొచ్చాక ఆలోచిస్తే అంత న్యాయమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదనిపించింది. ఆమెకు అప్పుడు సరిగా చెప్పలేకపోయిన జవాబు ఈ సాయంత్రం మీకు చెప్తాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, గొడుగుకు ఊరు తెలియదు. మిగతాదంతా దాని వివరం.

మీ మిద్దె మీది గొడుగు ఎటు చూస్తుందో ఎప్పుడైనా గమనించారా? మన జిల్లాల్లో దాదాపు అన్నీ ఆగ్నేయంగానే చూస్తాయి. వాస్తు ప్రకారం పొయ్యి పెట్టే మూల. మా దగ్గర పనిచేసే పిల్లోడు ఒకడు చాలాకాలం అది వాస్తు కోసమే అనుకున్నాడు. అసలు కారణం ఏమిటంటే, ఈ టీవీ శాటిలైట్లన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో ఉన్నది భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి మనకు ఒకేచోట మేకు కొట్టినట్టు కనిపిస్తుంది. మనం ఆ రేఖకు ఉత్తరాన పద్నాలుగు, పదిహేను డిగ్రీల మీద ఉన్నాం, అందుకని దక్షిణానికి చూడాలి. దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సిగ్నల్ వచ్చే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున. మనది 77, 78. అందుకని తూర్పుకూ తిరగాలి. రెండూ కలిస్తే ఆగ్నేయం.

అనంతపురం నుంచి లెక్క వేస్తే ఆ శాటిలైట్ నేలకు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. గొడుగును చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఎందుకంటే దాని వంపులోనే ఇరవై పైచిలుకు డిగ్రీలు దాగి ఉంటాయి. ఈ సంగతి తెలియక సొంతంగా తిప్పబోయి సిగ్నల్ పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది. అరవై సెంటీమీటర్ల గొడుగు ఒక రెండు డిగ్రీలు పక్కకు జరిగినా చాలు, బొమ్మ పోతుంది. కోతులకు అది బాగా తెలుసు. (నవ్వులు)

అంత ఎత్తు నుంచి కిందికి వేసే వెలుగు ఎంత మేర పడుతుందో ఊహించుకోండి. ఇంటి గొడుగుకే నేరుగా సిగ్నల్ పంపే మన డీటీహెచ్ కంపెనీలు వాడే బీమ్ కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మొత్తం కప్పేస్తుంది. కదిరికి ఏ తరంగం వస్తుందో గౌహతికీ అదే. గొడుగు ఎక్కడుందో పైనున్న శాటిలైట్‌కు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడొక బొమ్మ మన ఇంటికి ఎలా వస్తుందో ఒక్కసారి దాని వెంటే నడుద్దాం. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ అనుకోండి. 2008లో టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ మొదలైనప్పటి నుంచి మన ఇళ్లలో అందరూ చూసేదే. మీరు కడపలో ఉన్నారు. రోడ్డు మీద పోతే తిరుపతి నూట నలభై కిలోమీటర్లు. బొమ్మ ఆ దారిన రాదు. చానల్ వాళ్ల కేంద్రం నుంచి ముందు ఒక శాటిలైట్‌కు ఎక్కుతుంది. దీన్ని సీ-బ్యాండ్ అంటారు, పెద్ద పెద్ద గొడుగులకు మాత్రమే అందే సిగ్నల్. అక్కడి నుంచి కిందికి దిగేది మీ ఇంటికి కాదు. ఢిల్లీ పక్కనో, చెన్నైలోనో ఉండే డీటీహెచ్ కంపెనీ కేంద్రంలోకి దిగుతుంది. అక్కడ వందల చానళ్లను అలాగే దింపుకుని, అన్నిటినీ కుదించి, కట్టలు కట్టి, తాళం వేసి, మళ్లీ తమ శాటిలైట్‌కు ఎక్కిస్తారు. ఇది కేయూ-బ్యాండ్, చిన్న గొడుగుకు కూడా అందే సిగ్నల్. అది దిగేదే మీ మిద్దె మీదికి. లెక్క చూడండి: రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం. లక్షా నలభై వేల కిలోమీటర్ల పైమాటే. గరుడుడి మీద స్వామి కడపకు రావడానికి అంత దూరం తిరిగొస్తాడు. ఆ ప్రయాణానికి పట్టేది అర సెకను. మిగతా ఆలస్యం అంతా కింద, ఆ కుదించే మిషన్లలో జరిగేది. క్రికెట్‌లో పక్కింటివాళ్లు ముందే అరిచేసి మనకు వికెట్ చెప్పేస్తారు చూడండి, తప్పు ఆకాశానిది కాదు, ఆ మిషన్లది.

కుదించడం అంటే చిన్న సంగతి కాదు. శాటిలైట్‌లో ట్రాన్స్‌పాండర్ అని ఒక అర ఉంటుంది, సాధారణంగా 36 మెగాహెర్ట్జ్ వెడల్పు. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఒక అరకు ఒక చానల్, మహా అయితే రెండు. ఇప్పుడు అదే అరలో మామూలు చానళ్లు ఇరవై ముప్పై దాకా పడతాయి. అందులోనూ ఒక తెలివి ఉంది. వార్తలు చదివే అమ్మాయి కదలకుండా కూర్చుంటుంది, ఆ బొమ్మకు తక్కువ చోటు చాలు. పక్క చానల్లో క్రికెట్ జరుగుతుంటే దానికి ఎక్కువ చోటు కావాలి. మిషన్ క్షణక్షణానికీ చూసుకుంటూ ఈమె దగ్గర మిగిలింది తీసి ఆయనకు ఇస్తుంది. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీట్లో నలుగురం సర్దుకున్నట్టు.

ఎంత సర్దుకున్నా బస్సు బస్సే, సీట్లకు లెక్క ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ అద్దె ఖరీదైనది. పెద్దమ్మ ప్రశ్న ఇక్కడ తగులుతుంది. కదిరి చానల్‌ను పైకెక్కిస్తే అది కదిరికే రాదు, దేశమంతా కురుస్తుంది. పదివేల ఇళ్ల కోసం దేశమంతా వాన కురిపించినట్టు. కదిరి ఒకటైతే సరే, తాడిపత్రి, ధర్మవరం, ప్రొద్దుటూరు, ఆదోని, నంద్యాల అందరూ మాకూ కావాలంటే? దేశంలో ఎన్ని ఊళ్లో అన్ని సీట్లు కావాలి. అంత పెద్ద బస్సు లేదు.

(ముందు వరుసలో ఒక అబ్బాయి: "సార్, మా అన్న అమెరికాలో ఉన్నాడు. వాళ్ల డిష్‌లో వాళ్ల సిటీ చానళ్లు వస్తాయంట కదా?")

వస్తాయి. మంచి ప్రశ్న అడిగావు నాయనా, నేను ఎలాగూ అక్కడికే వస్తున్నాను. వాళ్లకూ మొదట్లో రాలేదు. 1994లో డైరెక్‌టీవీ అనే కంపెనీ మొదలుపెట్టినప్పుడు గొడుగుతో దేశమంతటి చానళ్లు వచ్చేవి, సొంత ఊరి చానల్ కావాలంటే పక్కనే పాత యాంటెన్నా నిలబెట్టుకోవాల్సిందే. పెద్దమ్మ అడిగిన ప్రశ్నే అక్కడ లక్షలమంది అడిగారు. అడ్డుపడింది ఒకటి చట్టం, ఇంకొకటి ఈ సీట్ల లెక్క. 1999 నవంబరులో వాళ్ల పార్లమెంటు, అదే కాంగ్రెస్, చట్టం మార్చింది: ఏ ఊరి స్టేషన్‌ను ఆ ఊరి ఇళ్లకు శాటిలైట్ కంపెనీ ఇవ్వొచ్చు అని. దానికొక షరతు పెట్టారు. 2002 జనవరి నుంచి ఒక ఊళ్లో ఒక స్టేషన్‌ను అలా తీసుకుంటే, ఆ ఊళ్లో అడిగిన స్టేషన్లన్నిటినీ తీసుకోవాలి. పెద్దదాన్ని ఎక్కించుకుని చిన్నదాన్ని రోడ్డు మీద వదిలేసి పోకూడదన్నమాట. నాకు ఈ షరతు చాలా నచ్చింది. మన దగ్గర ఇలా ఆలోచించినవాళ్లు తక్కువ.

సీట్ల లెక్క ఎలా తీర్చారంటే, మన రైతులకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. డ్రిప్పు. దేశమంతా కురిసే బీమ్ వాన లాంటిది. దాని బదులు శాటిలైట్‌లో చిన్న చిన్న బీమ్‌లు పెట్టారు, ఒక్కోటి ఒక్కో ప్రాంతం మీదే పడుతుంది. స్పాట్ బీమ్ అంటారు. 2001 నవంబరులో ఎగరేసిన డైరెక్‌టీవీ-4ఎస్ ఇలాంటిదే. చీనీ చెట్టు మొదట్లో ఎక్కడికక్కడ చుక్క వేసినట్టు, డల్లాస్ మీద డల్లాస్ చానళ్లు, షికాగో మీద షికాగో చానళ్లు. ఇందులో అసలు లాభం నీళ్ల పొదుపు. రెండు ఊళ్లు దూరంగా ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీని రెండుచోట్లా వాడుకోవచ్చు, ఒకదాని బొమ్మ ఇంకొకదానికి తగలదు. అలా ఉన్న కొన్ని సీట్లనే పదేసిసార్లు వాడుకున్నారు.

మరి డల్లాస్ స్టేషన్ బొమ్మ శాటిలైట్ దాకా ఎలా పోతుంది? కంపెనీ ప్రతి ఊళ్లోనూ ఒక చిన్న గది తీసుకుంటుంది. అక్కడ యాంటెన్నాతో ఆ ఊరి స్టేషన్లను పట్టి, లేదా స్టేషన్ నుంచి నేరుగా ఫైబర్ తీసుకుని, కుదించి, కొలరాడోలోనో వయోమింగ్‌లోనో ఉన్న పెద్ద కేంద్రానికి నేల మీద ఫైబర్‌లో పంపుతుంది. అక్కడి నుంచి పైకి. మీ అన్న ఇంట్లో కూర్చుని పది మైళ్ల దూరంలో ఉన్న స్టేషన్ చూస్తున్నాడంటే, ఆ బొమ్మ ముందు వేరే రాష్ట్రానికి పోయి, ఆకాశానికెక్కి, తిరిగి ఆ ఊరికే దిగుతోంది. మనం చెప్పుకున్న గరుడ సేవ కథే. అమెరికాను ఇలాంటి ప్రాంతాలుగా, మార్కెట్లుగా విడగొడితే 210 వస్తాయి.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను. బీమ్ పక్క ఊళ్ల మీద కూడా కొంత పడుతుంది కదా, మరి ఎవరికి ఏ చానల్ తెరవాలో ఎలా తెలుస్తుంది? డబ్బాకు తెలుసు. సెట్‌టాప్ బాక్స్ నంబరుకు మీ చిరునామా కట్టి ఉంటుంది. "ఈ నంబరు డబ్బా, డల్లాస్ చానళ్లు తెరువు" అని ఆకాశం నుంచే ఆజ్ఞ వస్తుంది. మనం రీచార్జ్ చేయకపోతే చానళ్లు మూతపడేదీ ఈ దారినే. అక్కడ కొందరు తమ ఫుట్‌బాల్ జట్టు ఊరి చానల్ కోసం దొంగ అడ్రసు ఇచ్చేవాళ్లట. మనిషి ఎక్కడైనా మనిషే. (నవ్వులు)

అయితే అబ్బాయి అడగని ప్రశ్న ఒకటుంది, అదే నాకు ముఖ్యం. ఇక్కడెందుకు అలా చేయలేదు? స్పాట్ బీమ్ టెక్నాలజీ మనకు లేక కాదు, ఇస్రో ఇంటర్నెట్ శాటిలైట్లలో స్పాట్ బీమ్‌లు ఉన్నాయి. సంగతి ఏమిటంటే, వాళ్ల 'లోకల్ చానల్' వేరు, మన 'లోకల్ చానల్' వేరు. వాళ్లది లైసెన్సు ఉన్న స్టేషన్, సొంత టవరు, గాలిలో ప్రసారం. మన దేశంలో గాలిలో టవరు పెట్టి టీవీ ప్రసారం చేసే హక్కు ఎప్పుడూ దూరదర్శన్‌దే. ప్రైవేటువాళ్లకు ఎఫ్ఎం రేడియో ఇచ్చారు గానీ టీవీ టవరు ఇవ్వలేదు. కాబట్టి మన ఊరి చానల్ పుట్టిందే కేబుల్ వైరులో. గాలి ఎరగనిది అది. శాటిలైట్ కంపెనీ ఊళ్లోకొచ్చి గది తీసుకుని యాంటెన్నా పెట్టినా పట్టుకోవడానికేమీ దొరకదు. ఆ దూరదర్శన్ టవర్లు కూడా చాలావరకు పోయాయి. కొన్ని కీలక ప్రాంతాలవి మినహా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చికల్లా మూసేస్తామని ప్రసార భారతి చెప్పింది. మిద్దెల మీద చేప ముల్లు యాంటెన్నాలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, బట్టలారేసుకోవడానికి.

ఉన్నంతలో డీటీహెచ్‌లో మనకు అందే 'దగ్గరి' చానల్ అంటే దూరదర్శన్ సప్తగిరి. దాన్ని ఇవ్వడం అందరికీ తప్పనిసరి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు యాదగిరి, మనకు సప్తగిరి. అనంతపురంలో సప్తగిరి అంటే మాత్రం అందరూ సప్తగిరి సర్కిల్‌కే ఆటో మాట్లాడతారు. (నవ్వులు)

ఆకాశం నుంచి వచ్చినదాన్ని స్థానికం చేసే ప్రయత్నం మన నేల మీదే ఒకప్పుడు జరిగింది. చాలామందికి గుర్తులేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఒక ఏడాది పాటు, నాసా వాళ్ల ఏటీఎస్-6 శాటిలైట్ అరువు తీసుకుని ఇస్రో 'సైట్' అని ఒక ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. మన రాష్ట్రం నుంచి తీసుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అప్పటికి మన పట్నాల్లోనే టీవీ లేదు. పల్లెలో కోళ్ల జాలీతో చేసిన పదడుగుల గొడుగు, దాని కింద ఒక టీవీ పెట్టె, ఊరంతా నేల మీద కూర్చుని చూడటం. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. శాటిలైట్ పంపేది ఒకే బొమ్మ, కానీ దాంతోపాటు రెండు మాటలు పంపేది. తుంగభద్రకు ఇవతల కర్నూలు పల్లెలో పెట్టె తెలుగు మాట తీసుకునేది, అవతల రాయచూరు పల్లెలో కన్నడం తీసుకునేది. బొమ్మ ఒకటే. గొడుగుకు ఊరు తెలియకపోయినా పెట్టెకు భాష నేర్పారు, యాభై ఏళ్ల కిందట. మున్నూరు చానళ్లు ఉన్న ఈ రోజు కంటే ఆ ఒక్క చానల్‌లో పల్లె గురించి ఎక్కువ ఆలోచన ఉందని నేనంటే కొంతమంది నవ్వుతారు. నవ్వనీ.

సరే, కేబుల్ దగ్గరికి వద్దాం. నా సొంత ఇల్లు కదా, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

మా హెడ్‌ఎండ్, అదే చానళ్లను దింపి వైరులోకి వదిలే చోటు, అంటే పెద్దగా ఊహించుకోకండి. మిద్దె మీద రేకుల గది. బయట పన్నెండు అడుగుల జాలీ గొడుగు. లోపల ఒక్కో చానల్‌కు ఒక్కో రిసీవరు, దాని పక్కన మాడ్యులేటరు. మాడ్యులేటరు పనేమిటంటే, ఆ బొమ్మను తీసుకెళ్లి టీవీలో ఫలానా నంబరు మీద కూర్చోబెట్టడం. అన్నిటినీ ఒక వైరులో కలిపి, ఆంప్లిఫయరు పెట్టి వీధుల్లోకి వదిలేవాళ్లం. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే మనిషి అప్పడమే. ఇప్పుడు అసలు కిటుకు: నంబర్లలో ఒకటి ఖాళీగా ఉంచుకునేవాళ్లం. దానికి శాటిలైట్‌తో పనిలేదు. వీసీఆర్ వైరు తెచ్చి ఆ మాడ్యులేటరుకు గుచ్చితే చాలు, ఊరి చానల్ అయిపోయింది. బొమ్మ కింద స్క్రోలింగ్ పరిగెత్తేది. బట్టల షాపు డిస్కౌంటు, ట్యూషన్ సెంటరు, మున్సిపాలిటీ నీళ్లు రేపు రావు, ఎర్ర ఎద్దు తప్పిపోయింది, కొమ్ముకు నీలం రంగు. ఆ ఎద్దు దొరికింది కూడా. మా చానల్ చరిత్రలో అంత పెద్ద వార్త ఇంకోటి లేదు.

కదిరి పున్నమి తేరు మీలో చాలామంది చూసే ఉంటారు. నరసింహస్వామి బ్రహ్మరథం కదులుతుంటే జనం దవనమూ మిరియాలూ చల్లుతారు. తొంభైల్లో ఒక ఏడాది దాన్ని లైవ్ ఇవ్వాలని పంతం పట్టాం. పెళ్లిళ్లకు వీడియో తీసే మిత్రుడి కెమెరా, తేరు వీధి నుంచి మా గది దాకా మిద్దెల మీదుగా లాగిన వైరు, నడుమ రెండు ఆంప్లిఫయర్లు. అంత దూరం లాగితే బొమ్మ పాలిపోతుంది మరి. తేరు కదిలింది, బొమ్మ బాగానే ఉంది, పందెం గెలిచినంత సంతోషం. పదీ పదకొండు మధ్య ఫోన్ మోగడం మొదలైంది. "మిగతా చానళ్లన్నీ ఎందుకు ఆపేశావ్?" అని. చూస్తే నిజమే, శాటిలైట్ చానళ్లన్నీ చీమలు పట్టినట్టు గరగరమంటున్నాయి. తేరు ఒక్కటే నిక్షేపంగా నడుస్తోంది.

జరిగిందేమిటంటే, ఏటా మార్చి నడుమ కొన్ని రోజులు, మళ్లీ సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి నిలబడతాడు. గొడుగు శాటిలైట్‌ను చూస్తూ చూస్తూ సూర్యుణ్ణి కూడా చూస్తుంది. ఆయన రొద ముందు శాటిలైట్ గొంతు ఎంత? రోజుకు కొన్ని నిమిషాలు అంతా గుల్ల. తేరు వచ్చేదీ హోళీ పున్నమి దాటాకే, ఆ ఏడాది రెండూ కలిశాయి. నేను ఫోన్లో "సూర్యుడి వల్ల" అని చెప్తే ఒక్కడూ నమ్మలేదు. అందరూ తేరే చూడాలని నేనే మిగతావి కట్ చేశానని ఊరంతా ఖాయం చేసుకుంది. కొందరు తిట్టారు. గుడి దగ్గర కొందరు పెద్దవాళ్లు నా భక్తిని మెచ్చుకుని పొంగలి పంపించారు. నేను తిన్నాను. (నవ్వులు)

అదంతా అనలాగ్ రోజుల మాట. 2011లో చట్టం మార్చి కేబుల్ మొత్తాన్ని డిజిటల్ చేశారు. మన జిల్లా పట్నాలు మూడో విడత, పల్లెలు నాలుగో విడత, 2017 నాటికి అందరికీ డబ్బా తప్పనిసరి అయింది. బొమ్మ బాగుపడింది, అందులో అబద్ధం లేదు. మునుపు ఒక చానల్ పట్టే వైరులోని చోట్లో ఇప్పుడు ఇరవై దాకా పడతాయి. కానీ డిజిటల్ హెడ్‌ఎండ్ పెట్టాలంటే కోట్లు కావాలి. మా రేకుల గదులు మూతపడ్డాయి. ఎక్కడో పెద్ద నగరంలో ఒక హెడ్‌ఎండ్, అక్కడి నుంచి ఫైబర్‌లో జిల్లాలకు సిగ్నల్, మేము చివర వైరు చూసుకునే మనుషులం. ఊరి చానల్‌కు ఏమైందంటే, మునుపు నేను వీసీఆర్ గుచ్చిన చోట ఇప్పుడు బొమ్మను డిజిటల్ చేసి కుదించే ఎన్‌కోడర్ గుచ్చాలి, అదీ పెద్ద ఆపరేటరు ఒప్పుకుంటేనే. జిల్లా కేంద్రంలో సిగ్నల్ దిగేచోట ఒక ఖాళీ అర ఇస్తారు, అక్కడ ఊరి బొమ్మను కలుపుతారు. మొత్తానికి దారి మాత్రం అదే: దేశం పైనుంచి దిగాక, ఊరు నేల మీద కలుస్తుంది.

2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి పద్ధతి పెట్టింది. ఇలాంటి చానళ్లకు 'ప్లాట్‌ఫామ్ సర్వీస్' అని పేరు. మొత్తం చానళ్ల సామర్థ్యంలో అయిదు శాతం దాకా రాష్ట్ర స్థాయిలో, అది కాక ప్రతి జిల్లాకూ ఇంకో అయిదు శాతం. చానల్‌కు వెయ్యి రూపాయల రిజిస్ట్రేషన్. తెర మీద 'ప్లాట్‌ఫామ్ సర్వీసెస్' అని రాయాలి. ఊరి వార్తలు వేయాలంటే కంపెనీగా రిజిస్టరై ఉండాలి. ఎర్ర ఎద్దు తప్పిపోయింది అని వేయడానికి కంపెనీ పెట్టాలా అని నన్ను అడగొద్దు, నేనూ ఆలోచిస్తున్నాను. జిల్లాకు విడిగా వాటా ఇచ్చారు చూడండి, అది మాత్రం మెచ్చుకోవాలి. కేబుల్‌కు జిల్లా అనేది తెలుస్తుందని ఒప్పుకున్నట్టు. డీటీహెచ్ వాళ్లకూ ప్లాట్‌ఫామ్ చానళ్ల వాటా అయిదు శాతం ఉంది, కానీ వాళ్లకు జిల్లా లేదు. అందుకే వాళ్లవన్నీ పాత సినిమాలు, భజనలు, వంటలు. దేశమంతా చూసినా ఎవరికీ అభ్యంతరం లేనివి.

(ఒక శ్రోత: "మా గొడుగు వానొస్తే ఆగిపోతుంది. కంపెనీ మారిస్తే బాగవుతుందా?")

మన జిల్లాలో వానొచ్చి టీవీ ఆగితే సంతోషించాలి కదయ్యా. (నవ్వులు) కంపెనీ మారిస్తే పెద్ద తేడా ఉండదు. మీ గొడుగుకొచ్చే కేయూ-బ్యాండ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద చినుకులు పడితే దాన్ని తాగేస్తాయి. సీ-బ్యాండ్ తరంగం దానికి మూడు రెట్ల పొడవు, చినుకులకు అంతగా లొంగదు. మరి ఇంటికి అదే ఇవ్వొచ్చు కదా అంటే, మిద్దె మీద ఎనిమిది, పదడుగుల గొడుగు పెట్టుకోవాలి. మీరు చేయగలిగిందల్లా గొడుగు సరిగ్గా బిగించి ఉందో లేదో, దాని ముక్కుకు, అదే ఎల్‌ఎన్‌బీకి, ఉన్న మూత పగిలి నీళ్లు పోతున్నాయో చూసుకోవడం. చిరుజల్లుకే ఆగిపోతుంటే గొడుగు ఎటో కొంచెం జరిగినట్టే లెక్క.

ఫైబర్ గురించి ఎవరో చీటీ పంపారు. కరెంటు స్తంభాల మీద ఏపీ ఫైబర్‌నెట్ వైరు వచ్చాక టీవీ ఇంటర్నెట్‌లాగే వస్తోంది. అందులో సీట్ల గోల చాలావరకు లేదు. కేబుల్లో అన్ని చానళ్లూ మీ ఇంటి దాకా వచ్చి నిలబడి ఉంటాయి, మీరు ఒకటి చూస్తారు. ఫైబర్‌లో మీరు నొక్కిన చానల్ మాత్రమే మీ ఇంటికి వస్తుంది. కాబట్టి ఊరికొక చానల్ అనేది అందులో సులువు. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు వైరు కూడా వద్దని తేరును ఫోన్‌తోనే యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు. నేను మిద్దెల మీద వైరు లాగిన రోజు వీళ్లకు చెప్తే పురాణం విన్నట్టు వింటారు.

పెద్దమ్మ సంగతి చెప్పి దిగిపోతాను, టీ కూడా వచ్చినట్టుంది. కొడుకు పెట్టించిన గొడుగు తీయడం ఆమెకు ఇష్టం లేదు, ఏడాదికి డబ్బు కట్టేశాడు. మా పాత కేబుల్ వైరు ఇంకా ఆమె మిద్దె పిట్టగోడ మీద చుట్ట చుట్టి అలాగే ఉంది. ఒక రోజు పోయి దాన్ని దింపి, ఇంకో డబ్బా పెట్టి, టీవీ వెనక రెండో సాకెట్‌కు తగిలించి వచ్చాను. రిమోట్లు రెండయ్యాయి, రెండూ నల్లవే. మరుసటి వారం పోయి చూస్తే ఒకదానికి గుడి దగ్గర కట్టుకునే ఎర్రదారం చుట్టి ఉంది. ఇదేంటి పెద్దమ్మా అంటే, "అది కదిరిది" అంది.